రేణుక మూయని విండో

తెల్లవారుతుండగా లిఫ్ట్ గుంతలో చిన్నప్ప శవం దొరికింది. బ్రూక్‌ఫీల్డ్‌లో కొత్త అపార్ట్‌మెంట్. బ్రేక్ పట్టక లిఫ్ట్ మీదికి దిగింది. బాగు చేయడానికి వెళ్లిన మెకానిక్ ప్రాణమే పోయింది.

బ్రేక్ సంగతి చిన్నప్ప మూడుసార్లు ఫోన్‌లో టైప్ చేసి కంపెనీకి కంప్లెయింట్ పెట్టాడని, తాను పక్కనే ఉండి చూశానని తోటి మెకానిక్ నరేశ్ చెప్పాడు.

సాయంత్రం ఎస్.ఐ. కరుణ లిఫ్ట్ కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. డేటాబేస్‌లో ఆ లిఫ్ట్ మీద ఒక్క కంప్లెయింటూ లేదు.

అసలు రానేలేదన్నాడు మేనేజర్ మునీంద్ర. అదే రాసి నింపాదిగా సంతకం పెట్టాడు.

కరుణ సర్వర్ లాగ్ తెరిపించింది. పాత కంప్లెయింట్లు తీసేసి చోటు ఖాళీ చేసే క్లీనప్ వారానికోసారి కమాండ్ లైన్ నుంచి నడుస్తుంది. ఆ మధ్యాహ్నం కూడా నడిచింది. లాగిన్ రేణుకది. ఆ డేటాబేస్ చూసుకునేది ఆమే. చిన్నప్పకు సొంత అక్క.

"దుఃఖంలో ఇంటినుంచి లాగిన్ అయి, పొరపాటున డిలీట్ చేసిందేమో మేడం."

"రానేలేదన్నారుగా. దేన్ని డిలీట్ చేస్తుంది?"

మునీంద్ర తాను సంతకం పెట్టిన కాగితం వైపు చూశాడు.

"ఆమె పాస్‌వర్డ్ ఎవరికి తెలుసు?"

"ఆమెకి, నాకు."

లాగ్‌లో చివరి లైను దగ్గర కరుణ వేలు ఆగింది. డిలీట్ చేసిన రికార్డులు ఇంకెక్కడో తెరిచి ఉన్నాయని, వాటిని ఇప్పుడే పూర్తిగా తొలగించలేమని ఉంది. మునీంద్ర అంతదాకా చదివినట్టు లేదు. మధ్యాహ్నం పని అయిపోయిందనుకుని లేచిపోయి ఉంటాడు.

కరుణ రేణుకను పిలిపించింది. ఆసుపత్రి నుంచి అలాగే వచ్చింది. కళ్లలో తడి లేదు. తన కంప్యూటర్ లాక్ తీసింది. కమాండ్లు టైప్ చేసే నల్లటి విండో ఒకటి పొద్దుటి నుంచి తెరిచే ఉంది.

విండోలు తెరిచి వదిలేయడం ఈమెకు పాత జబ్బని మునీంద్ర విసుక్కున్నాడు. అందుకు గతంలో అందరి ముందూ చీవాట్లు పెట్టాడు కూడా.

"ఆ జబ్బే మిమ్మల్ని పట్టించింది," అంది కరుణ. "చెత్త ఊడ్చి గుమ్మంలో పోశారు. బండి మాత్రం ఎత్తుకుపోలేదు. డిలీట్‌కు ముందే మొదలైన ఈ విండో మూసేదాకా పాత రికార్డులు అందులో కనబడతాయి. డిలీట్ చేసింది ఈమే అయితే ఈ విండో మూసి ఉండేది."

రేణుక ఒక్క లైను కొట్టింది. మూడు కంప్లెయింట్లూ తెరమీదికి వచ్చాయి. ప్రతిదాని కింద ఒకటే జవాబు: "చూశాను. పని ఆపొద్దు. మునీంద్ర."



పొద్దున్నే ఎందుకు చెప్పలేదని కరుణ రేణుకను అడిగింది.

"వీటి కాపీ చూపించింటే నేనే రాసుకున్యానంటాడు మేడం. పొరపాటైందని ఏడ్చి బయటపడతాడు. అందుకే తమ్ముని మొగం చూడకముందే ఈడికొచ్చి, విండో తెరిచిపెట్టి పోయినా. రానేలేదని వాడు సంతకం పెట్టల్ల. అంతవరకూ కాచుకోని ఉండాను."

కానిస్టేబుల్ తెరను ఫొటో తీశాడు. రేణుక తన కుర్చీ మునీంద్ర వైపు తిప్పింది.

"చదువప్పా. కడాది, మూడోది."

అతను కరుణ వైపు చూశాడు. 

"బ్రేక్ పట్టడంలేదు సార్," మునీంద్ర చదివాడు. "కింద దిగాలంటే భయంగా ఉండాది."

"ఇంగోసారి," అంది రేణుక.

కరుణ ఆపలేదు.