ఉబ్బని తూటా

గాలివానలో చిక్కుకున్న మూడో రోజు మధ్యాహ్నం, పులికాట్ సరస్సులో ఒక దీవి మీద ఉన్న హజరత్తయ్యగారి వేట బంగళాలో తుపాకి పేలింది. వేట బంగళాలో తుపాకి పేలడం వింతేమీ కాదు గనుక, వేటకు అతిథిగా వచ్చి వెనక గదిలో పేక ముక్కలు కలుపుతున్న డిటెక్టివ్ చెంచురామయ్య తల ఎత్తలేదు. ఆ వెంటనే మస్తానమ్మ కేక వినిపించింది. ఆయన ముక్కలు వదిలేసి పరుగెత్తాడు. ఆయన వెనకే, మనిషి భారీ గనుక కాస్త ఆలస్యంగా, అసిస్టెంటు ఆనందబాబు పరుగెత్తాడు.

ముందు హాల్లో పడక్కుర్చీలో హజరత్తయ్య ఒక పక్కకు ఒరిగి ఉన్నాడు. చొక్కా అంతా నెత్తురు. ప్రాణం అప్పటికే పోయింది. ఎదుటి గోడ కింద, ఆయన కళ్లలో పెట్టుకుని చూసుకునే రెండు గొట్టాల ఇంగ్లీషు తుపాకి పడి ఉంది. దాని మూతి కుర్చీ వైపే ఉంది. తుపాకిని తగిలించే రెండు కొయ్య మేకుల్లో ఒకటి ఊడి నేల మీద పడి ఉంది.

భార్య మస్తానమ్మ ఆయన కాళ్ల దగ్గర కూలబడింది. ఆమె తమ్ముడు పద్మనాభయ్య వసారాలోంచి తడి కాళ్లతో వచ్చాడు. పడవ నడిపే సైదులు వంటింటి వైపు నుంచి వచ్చాడు. అందరికన్నా ఆఖర, పక్క గదిలో ఒంటరిగా నమాజు చేసుకుంటున్న దరియావలి వచ్చాడు. దరియావలి సూళ్లూరుపేటలో తుపాకులు బాగుచేసే పనివాడు. ట్రిగ్గరు మరీ తేలికైపోయిందని హజరత్తయ్య కబురు పెడితే వచ్చి, రెండు రోజుల కిందటే దాన్ని సరిచేశాడు. తర్వాత గాలి లేచి, తిరిగి పోలేక ఉండిపోయాడు.

"నువ్వు బాగుచేసింది ఈ తుపాకినే గదా, దరియావలీ?" అన్నాడు పద్మనాభయ్య.

దరియావలి తుపాకి వంక చూశాడు, ఊడిన మేకు వంక చూశాడు, చివరికి కుర్చీ వంక చూశాడు.

"మేకు ఊడి కిందపడితే మాత్రం పేలకూడదయ్యా," అన్నాడు మెల్లగా. "పేలిందంటే లోపల ట్రిగ్గరు జారినట్టే. ఆకురాయి ఒక్క పట్టు ఎక్కువ పట్టుంటా. నేనే చంపినా దొరని."

ఆ మాట తర్వాత ఇంకెవరూ ఎవర్నీ అనుమానించే పని లేకపోయింది. పద్మనాభయ్య అతన్ని వలలు పెట్టుకునే గదిలోకి పంపి తాళం వేశాడు. దరియావలి తల వంచుకుని తనంతట తానే నడిచి వెళ్లాడు.

"పోలీసులకు కబురు చెయ్యాలి. పడవ తియ్యి సైదులూ," అన్నాడు చెంచురామయ్య.

"ఇప్పుడు పడవ ఎత్తితే, అయ్యా, రేపు మనల్ని కూడా ఎత్తాల్సిందే," అన్నాడు సైదులు. "తెల్లారేసరికి గాలి తగ్గేటట్టు ఉండాది. అప్పుడు పోదాం."

చుట్టూ నీళ్లు, నీళ్ల మీద ఆగని గాలి. మూసిన కిటికీ తలుపులు గడియల్లో కొట్టుకుంటున్నాయి. బయటికి పోవడానికి దారి లేని ఇంట్లో ఒక శవం, అయిదుగురు మనుషులు, తాళం వేసిన గదిలో ఇంకొకడు. నాలుగు బాతులు తిని రెండు రోజుల్లో నెల్లూరు వెళ్లిపోదామని వచ్చిన మనిషి ఆనందబాబు.

"ఇది ప్రమాదమే గదండీ?" అన్నాడు గురువుగారి చెవిలో.

"ప్రమాదమైతే మంచిదే," అన్నాడు చెంచురామయ్య. "మధ్యాహ్నం భోజనాల దగ్గర ఏమేం మాట్లాడుకున్నారో నీ నోటుబుక్కులో రాసిపెట్టు."

ఆనందబాబు రాశాడు. మాటలన్నీ తుపాకి గురించే.

ఆ తుపాకిని దేశం విడిచి వెళ్లిపోతున్న ఒక ఇంగ్లీషు దొర దగ్గర హజరత్తయ్య పన్నెండేళ్ల కిందట కొన్నాడు. దొరవారిసత్రం చుట్టుపక్కల అలాంటిది ఇంకోటి లేదు. పద్మనాభయ్యకు ఆనాటి నుంచి దాని మీదే కన్ను. లైసెన్సు కోసం మూడుసార్లు అర్జీ పెట్టాడు, మూడుసార్లూ కాదన్నారు. తుపాకి లేకపోయినా బావ లైసెన్సు మీద కొనిపించుకున్న తూటాలు మాత్రం జేబులో వేసుకుని తిరుగుతాడు. ఎప్పుడైనా బావ దయ తలిస్తే ఒక దెబ్బ కొట్టవచ్చునని ఆశ. పెళ్లి కానివాడు మంగళసూత్రం వెంట పెట్టుకుని తిరిగినట్టు అని ఇంట్లో అందరూ ఆటపట్టించేవారు.

ఆ మధ్యాహ్నం అతను పైన అట్ట గుల్ల, అడుగున ఇత్తడి ఉన్న తూటా ఒకటి తీసి విస్తరి పక్కన నిలబెట్టాడు. "కాగితం తూటాకి సముద్రపు చెమ్మే శత్రువు. చెమ్మ పీల్చేదానికి నువ్వు డబ్బాలో వేసే వేపుడు బియ్యం కన్నా నా మైనం పూతే మేలు బావా."

"మైనం గొట్టంలో అంటుకుంటాది," అన్నాడు హజరత్తయ్య. "నా తుపాకిలోకి నా డబ్బాలో తూటా తప్ప ఇంకోటి పోనే పోదు." తర్వాత అందరి వంకా చూసి అన్నాడు, "నాకు చూపు మందగిచ్చింది. ఇదే ఆఖరి వేట. తుపాకిని మద్రాసులో ఒక ఫారెస్టు ఆఫీసరుకి ఇస్తానని మాటిచ్చినా."

"పన్నెండేళ్ల నుంచి కాచుకోనుండేది నేను గదా బావా."

"నీకియ్యను. నీకు ముక్కు మీద కోపం. తుపాకి పట్టేవాడికి ముందు అది ఉండకూడదు."

పద్మనాభయ్య నవ్వేశాడు. ఆ నవ్వు ఆనందబాబుకు నచ్చలేదు గాని, అన్నం మీద ధ్యాస ఉండి పట్టించుకోలేదు.

చెంచురామయ్య ఒక్కొక్కర్నే అడిగాడు.

"అమ్మా, ఆ వేళకు మీరెక్కడున్నారు?"

"వంటింట్లో," అంది మస్తానమ్మ. ఆమెకు ఇంకా ఏడుపు రాలేదు. "సైదులు కట్టెలు చీలుస్తా ఉండినాడు, నేను పొయ్యి కాడ ఉండినా. ఇద్దరం ఒకరికొకరం కనపడతానే ఉండినాం."

"తూటాల డబ్బా తాళంచెవి?"

"ఆయన మొలతాడుకే. నాక్కూడా ఇచ్చేవాడు గాదు."

తాళంచెవి మొలతాడుకే ఉంది. డబ్బాకు తాళం కూడా వేసినది వేసినట్టే ఉంది.

"మీరెక్కడున్నారు పద్మనాభయ్యా?"

"వసారాలో కూర్చోని వాన చూస్తా ఉండినా."

"తుపాకిలో తూటాలు ఎప్పుడు పెట్టారు?"

"నిన్ననే. నిన్న కాస్త తెరిపిస్తే వేటకు పోయినాం గదా, మధ్యలో వాన కొట్టింది. మనిషీ తుపాకీ ముద్ద ముద్దయినాం. బావకి ఒళ్లు వెచ్చబడి, తూటాలు తియ్యకుండానే పైపైన తుడిచి తగిలిచ్చినాడు. నేను చూసినా."

"నువ్వు చూశావా సైదులూ?"

"నేను పడవ లాగతా ఉంటినయ్యా. ఇంట్లో సంగతి నాకు తెలవదు."

చివరికి చెంచురామయ్య వలల గది తాళం తీయించాడు. దరియావలి ఒక మూల కూర్చుని ఉన్నాడు. పక్కన పళ్లెంలో అన్నం అలాగే ఉంది. అతని ముందు పద్మనాభయ్య రాసి పెట్టిన కాగితం ఉంది. నా పనిలో లోపం వల్ల తుపాకి పేలి యజమాని మరణించెను అని దాని సారాంశం. దరియావలి వేలిముద్ర కోసం బొటనవేలికి సిరా పూసుకుని ఉన్నాడు.

"ఒక్క గంట ఆగు," అన్నాడు చెంచురామయ్య.

"గంట ఆగితే ఆయన లేచొస్తాడా అయ్యా? ముప్పై ఏళ్ల నుంచి తుపాకులు పడతా ఉండా. నా చేతి మీద నమ్మకంతోనే దాన్ని ఎదురుగా తగిలిచ్చుకోని కూర్చున్నాడు. రేపు పోలీసోళ్లకీ ఇదే చెప్తా, జడ్జికీ ఇదే చెప్తా. ఇంక ఈ చేత్తో ఆకురాయి పట్టను."

నేరం ఒప్పుకోని వాణ్ణి ఒప్పించడం చెంచురామయ్యకు అలవాటే. చెయ్యని నేరం ఒప్పుకుని కూర్చున్నవాణ్ణి బయటికి లాగడం కష్టమని ఆయనకు ఆనాడే తెలిసింది. తెల్లారి పడవ కదిలేలోగా సంగతి తేలకపోతే ఈ మనిషి తన తాడు తానే పేనుకుంటాడు. ఆయనకు చాలా బాధ కలిగింది.

"ఆనందబాబూ, ఆ కాగితం నీ జేబులో పెట్టు," అని బయటికి వచ్చాడు.

తర్వాత గంటసేపు హాల్లో తలుపులు మూసుకుని ఏదో చేశాడు. దబ్బు, దబ్బు అని చప్పుడు వినిపిస్తూ వచ్చింది. దీపాలు వెలిగించే వేళకు అందర్నీ హాల్లోకి పిలిచాడు. శవాన్ని అప్పటికే లోపలి గదిలోకి చేర్చి దుప్పటి కప్పారు. దరియావలి మాత్రం రానన్నాడు.

"వలల గది తలుపు తీసే ఉంచు సైదులూ. అక్కడికి మాటలు వినపడతాయి," అన్నాడు చెంచురామయ్య. బల్ల మీద తుపాకి, దాని పక్కన హజరత్తయ్య నడుముకు కట్టుకునే తూటాల పటకా ఉన్నాయి.

"ముందు దరియావలి పని చూద్దాం. ఈ తుపాకిలో కుడి గొట్టం తూటా పేలింది, ఎడమ గొట్టంలో తూటా పేలకుండా ఉంది. మంచి తూటా తీసేసి, కాలిన గుల్లలు పెట్టి, ట్రిగ్గరు సిద్ధం చేసి, మేకుల ఎత్తు నుంచి ఇదే నేల మీదికి జారవిడిచాను. ఒకసారి కాదు, పదిసార్లు. ఒక్కసారి కూడా లోపల టక్కుమనలేదు."

"ఇప్పుడు జారలేదు, అప్పుడు జారింది," అన్నాడు పద్మనాభయ్య. "ఇనుముకి నమ్మకమేముండాది?"

"నిజమే. అందుకే తూటాల దగ్గరికి వద్దాం. ఇవి నిన్న వేటలో ఆయన పటకాలో ఉండి తడిసినవి." చెంచురామయ్య ఒక తూటా తీసి గొట్టంలోకి తోశాడు. అది సగంలోనే ఆగిపోయింది. ఇంకోటి తీశాడు. అదీ ఆగిపోయింది. "కాగితం తూటా తడిస్తే ఉబ్బుతుంది. గొట్టంలో ఉండగా తడిస్తే బిగుసుకుపోయి, కత్తితో పెకలించినా రాదు. ఎడమ గొట్టంలో ఉన్న తూటా మాత్రం నేను తుపాకి విప్పి వంచగానే దానంతట అదే నా చేతిలోకి జారింది. నిన్నటి వానలో ఇది తుపాకిలో లేదు. ఈ రోజే పెట్టారు. ఎవరు పెట్టారు?"

గాలి తలుపు తడుతూనే ఉంది.

"మీరు చూశానన్నది అబద్ధం, పద్మనాభయ్యా."

పద్మనాభయ్య మొహం ఎర్రబడింది. తుపాకుల సంగతిలో ఒకడు తనను తప్పుపట్టడం అతను జన్మలో సహించలేదు.

"మీకు పేక ముక్కలు తెలుసుగాని తూటాలేం తెలుసు? మైనం పూసిన తూటా ఎన్ని వానలకైనా ఉబ్బదు. నాలుగు రోజులు నీళ్లలో వేసినా ఇట్టనే జారతాది."

చెంచురామయ్య నెమ్మదిగా కూర్చున్నాడు.

"దీనికి మైనం ఉందని నేను చెప్పలేదే. చూస్తే కనపడదు కూడా. ఎవరో గుడ్డతో శుభ్రంగా తుడిచేశారు. అడుగున ఇత్తడి అంచులో గోరు పెట్టి గీరితే నాకు కాస్త దొరికింది. మీకెలా తెలుసు?"

పద్మనాభయ్య చెయ్యి తూటాల జేబు మీదికి పోయింది.

"హజరత్తయ్యగారు మైనం తూటా తన తుపాకిలో పెట్టనే పెట్టరు. మధ్యాహ్నం మా అందరి ముందూ అన్నారు. పటకాలోవి ఉబ్బిపోయాయి, ఆయన డబ్బాకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఆయన మొలతాడుకుంది. కనక మీకు మీ తూటాలే గతి. ఆయన భోజనం చేసి కుర్చీలో కునుకు తీస్తున్నారు. వసారాలోంచి వచ్చి తుపాకి అందుకున్నారు. తూటాలు పెట్టి, గోడ పక్కన నిలబడి పేల్చారు. మేకు ఊడబీకి, తుపాకి కింద పడేసి, మళ్లీ వసారాలోకి వెళ్లి అప్పుడే వచ్చినట్టు వచ్చారు. రెండో గొట్టంలో తూటా అవసరమే లేదు. పన్నెండేళ్లు రెండు గొట్టాల కోసం తపించిన మనిషి ఒకటి ఖాళీగా వదల్లేకపోయాడు."

"దాన్ని ఎవరికో ఇచ్చేస్తానన్నాడక్కా," అన్నాడు పద్మనాభయ్య. గొంతు చిన్నపిల్లవాడిలా ఉంది. "ఆయన పోతే నీకొస్తాది, నువ్వు నాకిస్తావనుకున్నా."

మస్తానమ్మ తమ్ముడి ఎదటికి వచ్చింది.

"ఇచ్చేదాన్నేరా," అంది. "అడిగుంటే ఆయన చేతే ఇప్పిచ్చేదాన్ని. అడగడం నీకు చేతకాలేదు." అప్పుడు ఏడ్చింది. మొగుణ్ణీ తమ్ముణ్ణీ ఒక్క పూటలో పోగొట్టుకున్న మనిషి ఏడుపు అది. సైదులు పద్మనాభయ్య చేతులు కట్టాడు. అతను పెనుగులాడలేదు. ఆ గాలిలో ఎక్కడికి పోతాడు?

ఆనందబాబు గర్వంతో, కాస్త భయంతో, గురువుగారి వెంట వలల గదికి వెళ్లాడు. తలుపు బార్లా తీసి ఉంది. దరియావలి ఇంకా ఆ మూలే కూర్చుని ఉన్నాడు. సిరా వేలి మీదే ఎండిపోయింది.

"విన్నావా?" అన్నాడు చెంచురామయ్య.

"విన్నా." సిరా వేలి వంక చూసుకుంటూ అడిగాడు, "ట్రిగ్గరు జారనే లేదా అయ్యా?"

"లేదు. పదిసార్లు కింద పడేసి చూశాను."

"పదిసార్లా?" దరియావలి మొదటిసారి తల ఎత్తాడు. "మూడుసార్లు చాలు గదయ్యా. అట్టాంటి తుపాకిని అన్నిసార్లు నేలకేసి కొడతారా ఎవరన్నా? దొర ఉండుంటే మిమ్మల్ని గడప కూడా తొక్కనిచ్చేవాడు గాదు."

ఆనందబాబుకు నవ్వొచ్చింది. చెంచురామయ్య నవ్వలేదు. దరియావలి రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడవడం మొదలుపెట్టాడు.

"ఎందుకయ్యా ఇప్పుడు? నీ తప్పేమీ లేదని తేలింది గదా," అన్నాడు ఆనందబాబు.

"అందుకేనయ్యా," అన్నాడు దరియావలి. "ఇందాకటి దాకా ఆయన్ని చంపినోణ్ణి నేను. చంపినోడికి ఏడ్చే హక్కు యాడుండాది? ముప్పై ఏళ్లు నన్ను అన్నా అని పిలిచినాడయ్యా."