మూడోసారి అడిగితే

ప్రయోగం మొదలైన నలభై మూడో రోజు పొద్దున్న పదకొండు గంటలకు కొత్తరేవు ఊరంతా పచ్చగా ఉంది. ఊరంటే నిజం ఊరు కాదు, డాక్టర్ వకుళ స్క్రీన్ మీది ఊరు. రెండు వందల పన్నెండు ఇళ్ళు, రెండు వందల పన్నెండు పచ్చచుక్కలు, అంటే అందరూ క్షేమం. సరిగ్గా అప్పుడే ముసలి ఎర్రయ్య వల బాగుచేస్తూ ఇసకలో పడిపోయాడు.

అతని చేతికి కట్టిన ఆరోగ్య పట్టీ పిలిస్తే ఆరు నిమిషాల్లో అంబులెన్సు వచ్చింది. దానికంటే ముందే సూరీడమ్మ వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆ ఊరికి ఆరోగ్య కార్యకర్త ఆవిడే. ఎర్రయ్య కళ్ళు తెరిచాక గ్లూకోజు నీళ్ళు తాగించి, "ఏటి మావా, తినకుండా షుగరు బిళ్ళేసుకున్నావా?" అని కేకలేసింది.

"పెట్టే ఏసుకోమందే!" అన్నాడు ఎర్రయ్య.

పెట్టె అంటే 'అల్లిక'. అరచేయంత ఉంటుంది, ప్రతి ఇంట్లో గోడకి ఒకటి తగిలించారు. అది మాట్లాడుతుంది, వింటుంది. దాని గొప్ప అది కాదు, అది ముడులు వేస్తుంది. అంతకుముందు ఆస్పత్రి దారి ఆస్పత్రిది, పింఛను ఆఫీసు దారి పింఛను ఆఫీసుది. చూపు మందగించిన మనిషికి పింఛను కాగితం తపాలాలో పంపేవారు. నడవలేని మనిషిని వ్యాయామానికి పక్క ఊరు రమ్మనేవారు. ఇప్పుడు ఒక ఇంట్లో ఒకరికి తేడా చేస్తే చాలు, డాక్టరుకీ, రేషను డిపోకీ, ఇంటింటికీ భోజనం తెచ్చే అన్నం బండికీ ఒకేసారి తెలుస్తుంది. వకుళ పదకొండేళ్ళ కష్టం అది.

ఆవేళ ఏం జరిగిందో వకుళ సర్వర్లో విని చూసింది. పెట్టె అడిగింది: "భోజనం చేశారా?" ఎర్రయ్య అన్నాడు: "ఆఁ... తిన్నాను." పెట్టె అంది: "అయితే బిళ్ళ వేసుకోండి." భార్య కూతురి పురిటికి వెళ్ళింది. ఇంట్లో పొయ్యి రాజెయ్యలేదు. కారియర్లు ఇంకా మిగిలున్నా అన్నం బండి ఆయన గుమ్మం ముందునుంచే ఆగకుండా వెళ్ళిపోయింది.

"ఆయన అబద్ధం ఎందుకు చెప్పారండీ?" అంది వకుళ నిజంగానే అర్థంకాక.

సూరీడమ్మ జవాబు చెప్పబోయి ఆగింది. అరవై రోజుల ప్రయోగం నెగ్గితే ఊరికో కార్యకర్త అక్కర్లేదని కలెక్టరాఫీసు కాగితం ఎప్పుడో వచ్చింది. నోరు మూసుకుంటే పెట్టెలు మూటగట్టుకుని ప్రయోగంవాళ్ళే పోతారు. ఆవిడ భుజాన సంచీ ఆవిడకే ఉంటుంది. ఆ సంచీ లేకపోతే ఏ గుమ్మం ఎక్కాలో ఆవిడకి తెలీదు. ఆ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడింది కూడా. ఇంటికి చేర్చిన ఎర్రయ్య మంచం మీంచి ఇంకా లేవలేకపోతున్నాడు.

"అది అబద్ధం కాదు డాక్టరమ్మా, మొగమాటం," అంది చివరికి. "మా ఊళ్ళో మొదటిసారి అడిగితే ఎవులైనా తిన్నాననే అంటారు. రెండోసారి అడిగితే 'అబ్బే, ఎందుకు' అంటారు. మూడోసారి అడక్కూడదు. కంచం పెట్టెయ్యాలి."

వకుళ ఆ మాటని నోట్సులో రాసుకుని కింద రెండు గీతలు గీసింది. పది రోజులపాటు సూరీడమ్మ సంచీకి మైకు కట్టి ఇంటింటికీ తిప్పింది. ఆవిడ అడిగిన తీరు, జనం నీళ్ళు నమిలిన తీరు, 'ఆఁ' కీ 'తిన్నాను' కీ మధ్య ఉన్న ఎడం, అన్నీ పెట్టెకి నేర్పింది. పెట్టె ఏకసంథాగ్రాహి. అరవయ్యో రోజుకి ఊళ్ళో ఒక్కరూ పస్తు లేరు. పెట్టె రెండుసార్లు అడిగి, మూడోసారి అడక్కుండా అన్నం బండిని గుమ్మంలో నిలబెట్టేది.

ప్రయోగం నెగ్గింది, సూరీడమ్మకి శాలువా కప్పి పనిలోంచి సాగనంపారు. ఆవిడ సంచీని మేకుకి తగిలించి, ఊరు బాగుంది కదా అని తనకి తాను చెప్పుకుంది. అది నిజమే. అయినా కాళ్ళు ఊరుకోలేదు. పొద్దున్నే వాకిట్లోకి వెళ్ళి, మళ్ళీ లోపలికి వచ్చేది.

వానలు పట్టాయి. పెట్టెలు ఒక్కొక్కటే మూగబోవడం మొదలైంది. ఒకరోజు వకుళ గొడుగు ముడుచుకుంటూ సూరీడమ్మ గుమ్మంలో నిలబడింది. నీరసంగా ఉంది మనిషి.

"ఎండ లేక సోలార్ పెట్టెల్లో ఛార్జింగ్ ఉండటం లేదండీ. తక్కువైతే సర్వర్‌కి చెప్పాలి కదా, చెప్పటం లేదు. రోజూ అడుగుతున్నాం. 'ఉందండీ, పర్వాలేదు' అంటున్నాయి. అలా అంటూనే ఆరిపోతున్నాయి."

సూరీడమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అడగడం నేర్చిన పెట్టె జవాబు చెప్పడం కూడా ఆ ఊరి దగ్గరే నేర్చుకుంది మరి.

"రెండోసారి అడిగించలేకపోయావా?"

"అడిగించాను. సర్వర్ ఒక్క సెకనులో రెండుసార్లూ అడిగేసింది. లాభం లేదు."

"గుమ్మంలోంచి అడిగితే అంతే తల్లీ. లోపలికొచ్చి కూకోవాలి." ఆవిడ గోడమీది తన పెట్టె వైపు తిరిగి, ముక్కాలిపీట లాక్కుని దాని కింద కూర్చుంది. "ఏమే, ఛార్జింగుందా?"

"ఉందండీ."

"నిజం సెప్పు."

"అబ్బే, మీకెందుకండీ శ్రమ."

ఆవిడ మూడోసారి అడగలేదు. లేచి ఛార్జింగు వైరు చేతిలోకి తీసుకుంది.

"కొంచెం తక్కువే," అంది పెట్టె చిన్నగా. "నాలుగు శాతం."

వకుళ గొడుగు గోడకి ఆనించి లోపలికొచ్చి కూర్చుంది. తరవాత అసలు సంగతి చెప్పింది. ఇంటింటికీ వెళ్ళి పెట్టెల పక్కన కాసేపు కూర్చునే మనిషి కావాలట. కలెక్టరాఫీసు ఒప్పుకుందట. "మీరు రావాలండీ."

"అబ్బే, నానెందుకమ్మా. వయసైపోయింది."

"రండి సూరీడమ్మగారూ."

"ఎవులైనా సిన్నపిల్లని సూసుకోండి."

వకుళ కూడా ఈ ఊళ్ళో నాలుగు నెలలుగా ఉంది. మళ్ళీ అడగలేదు. మేకుకున్న సంచీ తీసి ఆవిడ భుజానికి తగిలించింది. సూరీడమ్మ కళ్ళు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, వాకిట్లోకి దిగాక వెనక్కి తిరిగింది.

"ఇంతకీ నువ్వు పొద్దున్న ఏటైనా తిన్నావా డాక్టరమ్మా?"

"ఆఁ... తిన్నానండీ," అంది వకుళ.

సూరీడమ్మ చెప్పులు విప్పి, సంచీ పక్కన పెట్టి, స్టవ్ వెలిగించింది.