అడుగు లేని ముంత

తోరిసె దీపస్తంభం తలుపు తీయగానే కొత్త చెక్క వాసన, తడి సున్నం వాసన కలిసి ముక్కుకు తగిలాయి. నేను చెప్పులు విడిచి, గుమ్మం తుడిచి, ఆ తర్వాతే లోపల అడుగు పెట్టాను. మనుషులు లేని ఇల్లయినా సరే, ఇంటికి చేసే మర్యాద చెయ్యాలి. మా అమ్మ నాకు నేర్పిన చదువు చాలావరకు అదే.

తోరిసె అంటే సముద్రం మధ్య ఒక రాతి గుట్ట. దాని మీద ఆ స్తంభం మా తాతల నాటిది. దీపం ఇప్పుడు దానంతటదే వెలుగుతుంది కాబట్టి కాపలావాళ్లు లేరు. ఖాళీగా పడి ఉన్నదాన్ని ఈమధ్య బాగుచేయించి, రాత్రి బస చేసేవాళ్లకు ఇవ్వాలని నిర్ణయించారు. అతిథులను పడవలో తీసుకువచ్చే పని నా కొడుకు కునిహికో ఒప్పుకున్నాడు. గదులు, పక్కలు కోడలు నత్సుకి చూసుకుంటుంది. వంట నాది. మొదటి అతిథులు మర్నాడు పొద్దున వస్తారు. అందుకని ముందు రోజే ముగ్గురం వచ్చాం.

ఇబ్బందల్లా ఆ రోజుతోనే. అది బోన్ పండుగ ఆఖరి రోజు. పోయినవాళ్లు ఇంటికి వచ్చి, మన చేతి అన్నం తిని, మనం వంకాయతో చేసిపెట్టిన ఆవు మీద ఎక్కి మళ్లీ సముద్రం దారి పట్టే రోజు. ఆ రాత్రి మా ఊరు ఉరాహమాలో ఎవరూ పడవ దింపరు.

పొద్దున రేవులో మా బావగారు ఇసోకిచి వల అల్లుతూ కూర్చున్నాడు. మా ఆయనకు పెదనాన్న కొడుకు. నా చంకలో బియ్యం మూట చూసి నవ్వాడు.

"ఈ రాత్రి సముద్రం మీద పడుకునేవాళ్లు రెండు రకాలు షిగే. పిచ్చివాళ్లు, పెళ్లాంతో పోట్లాడినవాళ్లు. నువ్వు ఏ రకం?"

"మాట ఇచ్చిన రకం" అన్నాను.

"మాట మనుషులతో. అక్కడ ఉండేది మనుషులు కాదుగా."

"చిన్నప్పుడు చీకట్లో పెరట్లోకి వెళ్లాలంటే మీరు నన్ను తోడు పిలిచేవారు బావగారూ. భయం సంగతి నాకు చెప్పకండి."

ఆయన నవ్వాడు గానీ, వల అల్లే చెయ్యి ఆగింది. "తలుపు పక్కన ముంతలు ఉంటాయి. అవి ఉన్నాయో లేదో చూసుకో" అన్నాడు.

అందుకే లోపలికి రాగానే ముందు సముద్రం వైపు తలుపు దగ్గరకు వెళ్లాను. ముంతలు ఉన్నాయి. పొడుగు పిడి ఉన్న చెక్క ముంతలు, పడవలో చేరిన నీళ్లు తోడిపోసేవి. మూడు మేకులకు మూడు. పాతకాలం కాపలాదార్లు వాటిని అడుగు ఊడగొట్టి వేలాడదీసేవారు. మా తీరంలో ప్రతి పడవలోనూ అలాంటిది ఒకటి ఉండేది. మునిగిపోయినవాళ్లు రాత్రి పూట పడవ దగ్గరకు వచ్చి ముంత అడుగుతారని పెద్దలు చెప్పేవారు. ఇవ్వకపోతే పడవ బోల్తా కొట్టిస్తారు. మంచి ముంత ఇస్తే దాంతోనే నీళ్లు పోసి పడవను నింపేస్తారు. అడుగు లేనిది ఇస్తే తెల్లవార్లూ పోస్తూనే ఉంటారు, పడవలో చుక్క నిలవదు.

ఈ మూడింటికీ అడుగులు ఉన్నాయి. తెల్లగా, నున్నగా, కొత్త పలకలు.

"నేనే వేయించానమ్మా" అన్నాడు కునిహికో, మెచ్చుకుంటానేమో అన్నట్టు. "నాగసాకి వడ్రంగి చేత. వచ్చేవాళ్లు ఫొటోలు తీసుకుంటారు. పగిలిన సామాను గోడకి తగిలిస్తే మన పరువేం కాను? పగిలింది ఇంట్లో ఉండకూడదని నువ్వే అనేదానివిగా."

నా మాట నాకే అప్పజెప్పాడు. "అన్నీ బాగుచెయ్యకూడదురా. కొన్నిటికి పగిలి ఉండటమే పని" అన్నాను.

"సరేలే, రేపు విరగ్గొడదాం" అంది నత్సుకి నవ్వుతూ. పట్నం పిల్ల. మనసు మంచిది.

సాయంత్రం అన్నం, సముద్రపు నాచు పులుసు, ముల్లంగి ఊరగాయ తిన్నాం. ఊరగాయ జాడీని దాని బరువు రాయితో సహా ఇంటి నుంచి తెచ్చాను. రాయి తీస్తే ఊరగాయ పాడవుతుంది. కునిహికో సారా సీసా తీశాడు.

"పండుగ కదమ్మా."

"పండుగ పోయినవాళ్లది. నీది కాదు."

అయినా తాగాడు. తాగి, పడవ గురించి మొదలెట్టాడు. అతిథులకు నచ్చుతుందని పాత చెక్క పడవ ఒకటి కొని బాగుచేయించాడు. కొత్తగా మోటారు పంపు పెట్టించాడు. రంగు మాత్రం ఇంకా వెయ్యలేదు, ఒట్టి చెక్క. "చలి మొదలవగానే వేస్తా. లేత ఆకుపచ్చ. కొత్త తేయాకు రంగు. డబ్బా కొని సామాన్ల గదిలో దాచా. ఇంకా మూత కూడా తియ్యలేదు" అన్నాడు. ఆ రంగు తనే ఎంచానంది నత్సుకి. కాసేపు ఇద్దరూ దాని గురించే మాట్లాడుకున్నారు. నాకు వినడానికి బాగానే ఉంది.

అల పెరిగితే తాళ్లు తెగుతాయని కునిహికో పడవలోనే పడుకోవడానికి మెట్లు దిగి వెళ్లాడు. మేం దీపం తగ్గించి పడుకున్నాం.

గాలి లేదు. రాతి గోడల లోపల చీకటి చల్లగా, దట్టంగా ఉంది. పైన ఎక్కడో దీపం తిరుగుతున్న సన్నటి రొద. ఆ వెలుగు దూరంగా నీళ్ల మీద పడుతుంది గానీ, స్తంభం కాళ్ల దగ్గర ఎప్పుడూ చీకటే. కింద అల రాతిని తాకి వెనక్కి పోతోంది. నాకు ఎప్పుడు నిద్ర పట్టిందో తెలియదు.

వాసనకు మెలకువ వచ్చింది.

తడిసిన గడ్డి తాడు వాసన. మా తీరంలో గడ్డి తాళ్లు వాడటం మానేసి ఎన్నేళ్లయిందో. దానితో పాటు ఒక చప్పుడు... చెక్క మీద చెక్క రాసుకునే చప్పుడు. తెడ్డు వేస్తున్న చప్పుడు. ఒకటి కాదు. చాలా తెడ్లు. నెమ్మదిగా... తొందర లేకుండా...

పక్కకు చెయ్యి చాచాను. నత్సుకి పక్క ఖాళీగా ఉంది.

ఆమె సముద్రం వైపు తలుపు దగ్గర నిలబడి ఉంది. గడియ తీసేసింది. చేతిలో ముంత.

"అత్తయ్యా, ఆయనే. పడవలో నీళ్లు చేరాయట. ముంత అడుగుతున్నాడు" అంది గుసగుసగా.

ఆమె మణికట్టు పట్టుకున్నాను. "మీ ఆయన పడవలో మోటారు పంపు ఉంది. ముంతతో ఏం చేస్తాడు?"

"గొంతు ఆయనదే..."

అప్పుడు నాకూ వినిపించింది.

"షిగే... ముంతొకటి అందుకోవే..."

నా కొడుకు నన్ను పేరు పెట్టి పిలవడు. చివర అలా సాగదీసి పిలిచినవాడు ఒక్కడే ఉన్నాడు. మా ఆయన తోకుసబురో. కునిహికోకి ఇంకా బడికి వెళ్లే వయసు రాకముందే వేటకు వెళ్లి, తిరిగి రానివాడు. శవం కూడా దొరకలేదు. కోడలికి తన మొగుడి గొంతు వినిపించింది. నాకు నా మొగుడి గొంతు.

తలుపు తోసి చూశాను.

దీపం వెలుగు తల మీదుగా తిరిగి వెళ్లినప్పుడల్లా కింద పడవ మసకగా కనిపిస్తోంది. అందులో కునిహికో వెల్లకిలా పడి నిద్రపోతున్నాడు. పడవ అంచు పొడవునా తెల్లగా ఏవో వరసగా ఉన్నాయి. నత్త గుల్లలనుకున్నాను...

చేతులు.

అంచు పట్టుకుని వేలాడుతున్న చేతులు. ఇటు చివర నుంచి అటు చివర దాకా... సందు లేకుండా.

"కునిహికో" అని అరిచాను. వాడు కదల్లేదు.

"చలిగా ఉంది షిగే... ఒక్కటి ఇవ్వు..."

నాకు భయం వేసింది. అబద్ధం ఎందుకు. కానీ ఆ గొంతు అంత దీనంగా అడుగుతుంటే, ఆ చేతులు కన్నకొడుకు పడవ మీద ఉండటం చూసి, భయం కంటే ముందు కోపం వచ్చింది.

"మూడు పొద్దులూ నీకు అన్నం పెట్టాను" అన్నాను. "వంకాయకు పుల్లల కాళ్లు గుచ్చి, ఆవును చేసి, దాని మీద ఎక్కించి సాగనంపాను. వెళ్లినవాడివి వెళ్లాలి. నీ కొడుకు నిద్రపోతుంటే వచ్చి వాడి పడవ పట్టుకుంటావా? సిగ్గు లేదూ?"

తెడ్ల చప్పుడు ఆగింది.

అల కూడా ఆగినట్టయింది. ఆ నిశ్శబ్దంలో పడవ ఒక పక్కకు వంగింది... ఇంకాస్త వంగింది... కునిహికో తల పక్కకు వాలి, జుట్టు నీళ్లకు తగిలింది.

"ఇవ్వకపోతే..." అంది ఆ గొంతు. ఇప్పుడు అది ఒక్కడి గొంతు కాదు.

"నత్సుకీ. ఊరగాయ రాయి" అన్నాను.

ఆ పిల్ల జాడీ మీంచి రాయి తెచ్చి నా చేతిలో పెట్టింది. నేను ముంతను మెట్టు మీద బోర్లించి కొట్టాను. చెక్కు చెదరలేదు. ఆ వడ్రంగి పని మంచిది. మంచి పనిని జన్మలో ఎప్పుడూ తిట్టని నేను ఆ రాత్రి తిట్టుకున్నాను. మళ్లీ కొట్టాను. అడుగు పలక రెండుగా చీలి ఊడిపోయింది. ఆ ముక్కలు నడుం గుడ్డలో దోపుకుని మెట్లు దిగాను.

కింది మెట్టు మీద నిలబడి, పిడి పట్టుకుని ముంతను చీకట్లోకి చాచాను.

"ఇదిగో. నీకు దొరికేది ఇదే."

అవతల ఎవరో అందుకున్నారు. పిడిలోంచి చలి నా మోచేతి దాకా పాకింది. వదిలేశాను.

పడవ నెమ్మదిగా నిలబడింది.

తర్వాత మొదలైంది. ముంచుతున్నారు... ఎత్తుతున్నారు... పోస్తున్నారు. నీళ్లు మళ్లీ నీళ్లలోనే పడుతున్నాయి. మళ్లీ ముంచుతున్నారు. పక్కన వచ్చి కూర్చున్న నత్సుకి నా చెయ్యి పట్టుకుంది. "లోపలికి పోదాం అత్తయ్యా" అంది.

"నువ్వు వెళ్లు. వాళ్లు మానేదాకా నేను కదలను."

వెళ్లలేదు. ఇద్దరం అక్కడే కూర్చున్నాం.

"తోడండి. తెల్లారేదాకా తోడండి. నాకూ పనేం లేదు" అన్నాను చీకటితో.

తూర్పు పక్క కాస్త తెల్లబడ్డాక చప్పుడు పలచబడి పోయింది. ఎప్పుడు ఆగిందో తెలియలేదు. కునిహికో లేచి, ఒళ్లు విరుచుకుని మమ్మల్ని చూశాడు.

"ఏంటమ్మా ఇద్దరూ ఇక్కడ కూర్చున్నారు? అన్నం అయిందా?"

నత్సుకి పడవలోకి దూకి వాడి వీపు మీద రెండు చేతులా బాదింది. తర్వాత ఏడ్చింది. వాడికి ఏమీ అర్థం కాలేదు. పడవలో తేమ కూడా లేదు.

అతిథులను తీసుకురావడానికి కునిహికో బయల్దేరే వేళయింది. పొయ్యి వెలిగించాలని పైకి వెళ్లాను. తలుపు దగ్గర ఆగిపోయాను.

మేకులకు మూడు ముంతలూ ఉన్నాయి.

మూడోది తడిగా ఉంది. తీసి తిప్పి చూశాను. దానికి అడుగు ఉంది.

వడ్రంగి వేసిన పలక కాదు, దాని ముక్కలు నా నడుం గుడ్డలోనే ఉన్నాయి. ఇది వేరే చెక్క. చుట్టూ సందుల్లో బెరడు నార కూరి ఉంది. పడవ బీటలకు మా ఆయన ఎప్పుడూ అలాగే కూరేవాడు, ఎడమ నుంచి కుడికి, ముడి కనిపించకుండా. చెక్క ఉప్పు తిని గరుకు తేలింది. ఏళ్ల తరబడి సముద్రం అడుగున ఉన్నట్టు దాని మీద చిన్న చిన్న గుల్లలు. వాటి మధ్య అక్కడక్కడా ఇంకా రంగు మిగిలి ఉంది.

లేత ఆకుపచ్చ. కొత్త తేయాకు రంగు.

కిందకు వెళ్లి కునిహికో పడవ పలకలన్నీ చేత్తో తడిమాను. ఒట్టి చెక్క. ఎక్కడా ముక్క కోసిన గుర్తు లేదు. ఇంటికి వెళ్లాక సామాన్ల గదిలో రంగు డబ్బా చూశాను. మూత బిగించే ఉంది.

"పడవకి ఆకుపచ్చ వద్దు" అన్నాను వాడితో.

"ఎందుకమ్మా?"

"వద్దంటే వద్దు."

నత్సుకి నా ముఖం చూసి, తనే డబ్బా తీసుకెళ్లి దుకాణంలో మార్చుకొచ్చింది. పడవకు ఎర్ర రంగు వేశారు. ఇసోకిచి బావగారు మాత్రం ఆ దీపస్తంభం పని మానుకోమన్నాడు. నేను ఒప్పుకోలేదు. అడిగేవాళ్లు ఎక్కడికైనా వచ్చి అడుగుతారు. మనం తలుపు మూసుకున్నంత మాత్రాన సముద్రం చిన్నదవదు. ఎవరి పని వాళ్లు మానకుండా చెయ్యాలి. అడగడం వాళ్ల పని. పగలగొట్టడం నాది.

ఈ ఏడు బోన్ ఆఖరి రాత్రి కునిహికోను గదిలో పడుకోబెట్టి, బయట గొళ్లెం పెట్టించాను. వాడి పడవలో నేను పడుకున్నాను. ఊరగాయ రాయి తల పక్కన పెట్టుకున్నాను. వాళ్లు వచ్చారు. అడిగారు. అడుగు లేని ముంత ఇచ్చాను. తెల్లవార్లూ పోశారు. నేను కళ్లు మూయలేదు.

వెలుతురు రాగానే చూస్తే, ముంత నా కాళ్ల దగ్గర ఉంది. చుట్టూ బెరడు నార, ఎడమ నుంచి కుడికి. అడుగు ఎర్రగా ఉంది, ఈ పడవ రంగే. గుల్లలు నిరుడు ఉన్నన్ని లేవు, మునిగి ఎక్కువ కాలం కానట్టు.

దాన్ని పడవ పలక మీద బోర్లించి, రాయి ఎత్తి కొట్టాను. పగల్లేదు. నా కింద, పలకల అవతల, అప్పటిదాకా గీరుతున్నదేదో ఆగింది. వింటున్నట్టు.

వినాలనే, రెండో దెబ్బ ఇంకా గట్టిగా కొట్టాను.