గుంజ చుట్టూ

2001 మార్చి ఆరు, మంగళవారం, బక్రీద్. పొద్దుగూకాక చేసే మగ్రిబ్ నమాజుకి ఇంకా గంట ఉంది. ప్రత్తిపాడులో అమీర్‌బీ ఇంటి వాకిట్లో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ చివర పొట్టేలును కట్టేసిన గుంజ ఖాళీగా ఉంది. పొద్దున ఖుర్బానీ అయిపోయింది. తలకాయ కొట్టడానికి కసాయి సిలార్ ఇప్పుడొచ్చాడు.

ఆ తలకాయ మీదే అమీర్‌బీ ఆశంతా. పత్తి లోడు మీంచి పడ్డప్పటినుంచి కొడుకు యూసుఫ్‌ది తాగినవాడి నడకే. నర్సింగు చదివే కూతురు ఫిజా విడమరిచి చెప్పింది: “చిన్నమెదడు మధ్యలో పురుగులాంటి ముక్క ఉంటుందమ్మా, వర్మిస్ అంటారు. ఒళ్ళు తూలకుండా నిలబెట్టేది అదే. అన్నయ్యకు అదే దెబ్బతింది.” ఏది చెడితే అదే తినాలని అమీర్‌బీ అత్తగారు అంటుండేది.

కత్తి దిగగానే పుర్రె విచ్చుకుంది. విరిగిన పాల కంపు గుప్పుమంది. చిన్నమెదడు మడతలను ఒత్తుకుని గోళీకాయంత నీటితిత్తి. లోపల సగ్గుబియ్యం లాంటి తెల్లని గింజలు... కదిలాయా?

“ఛీ! పురుగు పట్టింది వదినా. ఇది గిర్రున తిరిగేదా?” అన్నాడు సిలార్.

కొన్నప్పటినుంచీ అది గుంజ చుట్టూ ఎడమకే తిరిగింది. కట్టేసిన జీవం తిరగక ఏం చేస్తుందిలే అనుకున్నారు. రోగమున్నది ఖుర్బానీకి పనికిరాదని తెలిసీ, ఒక్కరూ తాడు విప్పి చూడలేదు.

“పారెయ్ వదినా. కుక్కక్కూడా పెట్టకు.”

సరేనంది. అతను వెళ్ళాక తిత్తిని గిల్లి పారేసింది. వేళ్ళకు జిగురు సాగింది. అయినా బిడ్డ నడక కదా... ఉప్పునీళ్ళలో కడిగి, మిరియాలు దట్టించి వేయించింది. ఉప్పు చాలిందో లేదో వేలితో నాలుకకు రాసుకుంది.

“ఇది తిని నేను ‘మే... మే...’ అంటే నీదే పూచీ,” అన్నాడు యూసుఫ్ ముక్కు మూసుకుని.

“బిస్మిల్లా అని మింగరా.”

మింగాడు. కాసేపటికి కర్ర లేకుండా లేచాడు. తూలలేదు! అమీర్‌బీ కళ్ళు తుడుచుకుంది. తిన్నగా గుంజ దగ్గరికి నడిచాడు. ఎడమకు తిరిగాడు. మళ్ళీ... మళ్ళీ...

“యూసుఫ్... ఒరేయ్...”

మెడ వాల్చి తిరుగుతూనే ఉన్నాడు. పెదవుల సందునుంచి చొంగ. అందులో తెల్లగా ఏదో.

తల్లీకూతుళ్ళు లోపలికి ఈడ్చుకొచ్చి చున్నీలతో మంచానికి కట్టారు. అమీర్‌బీ గడపలో కూర్చుని, కళ్ళు మూసుకుని దరూద్ ప్రార్థన చదువుతూనే తెల్లవార్చింది.

తెల్లారాక ఫిజా మెదడు వేయించిన మూకుడును పాతిపెట్టింది. గుంజ పీకి కాలవలో పారేసింది. యూసుఫ్ కట్లు విడలేదు, నిద్రపోతున్నాడు. కానీ వాకిలి నడుమ మిరపకాయలు గుండ్రంగా నలిగి ఉన్నాయి.

“గొడ్డేదో పడిందిలేమ్మా,” అంది ఫిజా.

అమీర్‌బీ నమాజుకు ముందు వజూకి కూర్చుని కాళ్ళ మీద నీళ్ళు పోసుకుంది. కాలివేళ్ళ సందులు భగ్గున మండాయి. వేలు పెట్టి తీసింది.

మిరప గింజలు... రాత్రంతా తను గడప దిగనే లేదు.