రాచర్ల చూసొచ్చిన ఇటుకలు

విశాలాక్షి నాతో అన్న మొదటి మాట "బండి తీయండి."

గిద్దలూరు బజారులో నా డీజిల్ ట్రాలీ అడ్డంగా ఉంది. దాని వెనక పక్క దుకాణం కోటేశ్వర్లుది. ఆ వెనక ఇంకో రెండు. నాలుగూ రాచర్లకే. నాలుగూ పొగ కక్కుతున్నాయి.

"మీ బండిలో ఎంత సరుకుంది?"

"నీకెందుకమ్మా?"

"పావు బండి ఉంది. ఆయనదీ పావే. నాలుగూ కలిపితే ఒక్క బండి. ఈ పొగంతా ఎవరికోసం?"

"మా పేరు కోసం," అన్నాను. ట్రాలీ మీద మా నాయన పేరు ఎర్రరంగుతో రాసి ఉంది. అడిగిందానికి నిజం చెప్పాను. నా తెలివి అంతవరకే.

ఆమె ఒంగోలు నుంచి వచ్చింది. స్టేషన్ దగ్గర ఉమ్మడి గోదాము తెరిచింది. దుకాణాలన్నీ సరుకు అక్కడ ఇస్తే, ఊరివారీగా విడదీసి రెండు కరెంటు ఆటోల్లో పంపుతుంది. పై ఆఫీసరు ఇచ్చింది మూడు నెలల గడువు. పనికిరాదని తేలితే గోదాముకు తాళం, ఆమెకు ఒంగోలు.

వారం తిరక్కుండా చేరాను. ఊళ్ళో గాలి బాగుపడాలని కాదు. పెట్టెలు చూసుకునేటప్పుడు ఆమె పెన్ను జడలో గుచ్చుకునేది. అది చూడటానికి. ముప్పై మూడేళ్ళవాడు బయటికి చెప్పుకునే కారణం కాదు.

చేరాక చిక్కొచ్చింది. గోదాములో అందరి పెట్టెలూ పక్కపక్కనే పెడతారు. కోటేశ్వర్లువి పదహారు. నావి ఐదు.

"ఏంది సుబ్బయ్యా, మిగతావి ఎనక వస్తాండాయా?" అన్నాడు కోటేశ్వర్లు, ఆమె వినేటట్టు.

"వస్తాండాయి," అన్నాను.

అన్నాక రావాలి కదా. ఇంట్లో ఖాళీ బిస్కెట్ పెట్టెలున్నాయి. తేలిగ్గా ఉంటే దొరికిపోతానని ఒక్కోదాంట్లో నాలుగు ఇటుకలు పేర్చి టేపు చుట్టాను. రాచర్లలో నా స్నేహితుడు కాశయ్య వాటిని దించుకుని, మర్నాడు పాడైన సరుకని అదే ఆటోలో తిప్పి పంపేవాడు. నా ఇటుకలు వారానికి మూడుసార్లు రాచర్ల చూసొచ్చేవి. మా అమ్మ ఇంతవరకు శ్రీశైలం చూడలేదు.

"వ్యాపారం బాగా పెరిగినట్టుందే," అంది విశాలాక్షి ఒకరోజు.

"ఏదో, దేవుడి దయ."

దేవుడు విన్నట్టున్నాడు. మూడో నెల చివర ఒక సాయంత్రం ఆమె గొడుగు లేకుండా మా దుకాణంలోకి వచ్చింది. రాచర్ల ఆటో దారిలో ఆగిపోయిందట. నా మోటార్‌సైకిల్ మీద తీసుకుపోగలనా అని అడిగింది.

చినుకులు పడుతున్నాయి. ఆమె చెయ్యి నా భుజం మీద ఉంది. ఇంత నెమ్మదిగా నేనెప్పుడూ బండి నడపలేదు.

"నడిచొచ్చినా ఈపాటికి చేరేవాళ్ళం," అంది వెనకనుంచి.

రోడ్డు పక్కన డ్రైవర్ ఇబ్రహీం తడుస్తూ నిలబడ్డాడు. "బ్యాటరీది తప్పు లేదు మేడం. బరువు జాస్తి. రోజూ ఇట్లనే ఈడ్చుకుంటా పోతాన్నా. కొన్ని దించితే పోతాది."

ఆమె నా పెట్టె మీదే చెయ్యి వేసింది. "నేనెత్తుతా," అని ముందుకు దూకాను. తడిసిన అట్ట అడుగు ఊడింది. ఇటుకలు ఆమె కాళ్ళ ముందు పడ్డాయి.

ఆమె ఒకటి చేతిలోకి తీసుకుంది. "ఇవి ఏ కంపెనీ బిస్కెట్లు?"

ఇబ్రహీం మొహం అటు తిప్పుకున్నాడు.

"ఎందుకు చేసినారు ఇట్ల?"

"మీరు చూస్తారని."

"చూసినాను. గురువారం ఆఫీసరు కూడా చూస్తాడు. ఆటోలు చాలడం లేదు, సరుకు లేటవుతాంది, గోదాము దండగ అని రాసుకుని పోతాడు. నేను ఒంగోలు బస్సెక్కుతా. మీరు పెట్టెలు చూసుకుంటా కూచోండి."

ఇటుకలు దించాక ఆటో కదిలింది. ఆమె అందులోనే కూర్చుంది. నేను వాన పూర్తిగా అనుభవించాను.

గురువారం గోదాములో దుకాణదారులందరూ చేరారు. మా అమ్మ కూడా వచ్చింది. ఆఫీసరు కాగితాలు తిరగేశాడు. "రెండు ఆటోలూ మోయలేకపోతున్నాయి. దీనికంటే ఎవరి బండి వాళ్ళు నడుపుకోవడమే నయం."

విశాలాక్షి తల దించుకుని ఉంది. నా పేరు చెప్పలేదు. చెప్పి ఉంటే హాయిగా కూర్చునేవాణ్ణి.

లేచాను. "సార్, నా పదహారు పెట్టెల్లో పదకొండింట్లో ఇటుకలే. నా వ్యాపారం ఐదు పెట్టెలు. మా నాయన పోయిననాటి నుంచీ ఐదే."

నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. కోటేశ్వర్లు గొంతు సవరించుకున్నాడు.

"నావి ఒక ఏడుంటాయిలే. ఇసుక."

సబ్బుల షరీఫ్ చెయ్యెత్తాడు. ఆయనవి చెక్కముక్కలు. పన్నెండు దుకాణాల్లో తొమ్మిది బయటపడ్డాయి. ఒకరిని చూసి ఒకరం, గిద్దలూరు మట్టినంతా కరెంటు ఖర్చుపెట్టి ఊళ్ళు తిప్పుతున్నాం.

దొంగ పెట్టెలు పక్కన పెట్టించింది విశాలాక్షి. మిగిలిన సరుకు ఒక్క ఆటోలో పట్టింది. ఆఫీసరు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, 'పన్నెండు దుకాణాలు, ఒక్క ఆటో' అని రాసి, కింద గీత గీశాడు. గోదాము నిలిచింది.

అందరూ పోయాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "ఐదు పెట్టెలతో ఇల్లెట్ల గడుస్తాంది?"

"కష్టంగానే. అందుకే పెళ్ళి కాలేదు."

"ఎవరినన్నా అడిగినారా?"

"ఇప్పుడు అడుగుతాన్నా."

ఆమె జడలోంచి పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీసింది. "ఆదివారం మా నాయన వెలిగండ్ల నుంచి వస్తాడు. ముప్పై ఏండ్లు దుకాణం నడిపిన మనిషి. అప్పుదెచ్చి అరలు నింపొద్దు."

నింపలేదు. ఆదివారం ఆయన వచ్చి సగం ఖాళీ అరల ముందు చేతులు వెనక్కి కట్టుకుని నడిచాడు. విశాలాక్షి గుమ్మం దగ్గరే ఆగింది.

"వ్యాపారం ఎట్లుంది నాయనా?"

ఈ ప్రశ్నకు పదేళ్ళుగా నా జవాబు "బ్రహ్మాండం." మా అమ్మ నన్నే చూస్తోంది.

"అంతంతమాత్రమే మామా," అన్నాను.

ఆయన ఇంకా పిల్లనిస్తానని అనలేదు. మామా అన్నది నా తొందర. గుమ్మం దగ్గర విశాలాక్షి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆయన స్టూలు లాక్కుని మా అమ్మ ఎదురుగా కూర్చున్నాడు.

"అక్కా, నీ కొడుకు వ్యాపారానికి పనికిరాడు. అల్లుడుగా పెట్టుకుని చూస్తాం."