ఒక ఫోటో తీస్తారా?

"ప్రాణాలతో కావాలి. అర్థమైందా పిడుగూ? ప్రాణాలతో!" అన్నాడు చీఫ్.

పిడుగు అనేది డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. అతను తలూపాడు గానీ, లోపల పళ్ళు నూరుకున్నాడు. టార్గెట్ కోడ్ నేమ్ నెమలి. మన జీతం తింటూ విదేశీ ముఠాకు పనిచేసిన డబుల్ ఏజెంట్. పోయినేడు ఒక పరాయి నగరంలో, పాత కోట ముందు నవ్వుతూ కెమెరా చేతికిచ్చి ఫోటో తీయమంది. షట్టర్ బటన్‌లో విషపు సూది. దిగినట్టు కూడా తెలియదు. తోటి ఏజెంటే కదా అని నమ్మి నొక్కి ప్రాణం పోగొట్టుకున్నవాడు పిడుగు సొంత అన్న.

"ఈసారి దాని గురి మన శాస్త్రవేత్త మీద. అదే నగరంలో సెమినార్ అయ్యాక ఊరు చూడ్డానికి టూర్ బస్సెక్కుతాడు. నువ్వూ ఎక్కు," అన్నాడు చీఫ్.

బయల్దేరే ముందు వదిన కుట్టుమిషన్ ముందు నుంచి లేవకుండానే తన వేలికున్న ఇనుప తొడుగు తీసి ఇచ్చింది.

"దీనిలోకి సూది దిగదు. మీ అన్నకి ఇవ్వలేకపోయాను. ఆ నెమలి మొహంలో భయం నేను చూడాలయ్యా. ఉత్త చేతులతో రాకు."

విగ్గు, దూది పొట్ట, తొడుగు మీద బ్యాండేజీ. హోటల్ తలుపులో వేలు నలిగిందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెప్పుకుంటూ పిడుగు బస్సెక్కాడు. నల్లకళ్ళద్దాల నెమలి అప్పటికే శాస్త్రవేత్త పక్కన చేరింది.

సమాధులయ్యాయి, రాజమహలయింది. కోట ముందు గైడ్ గొంతు సవరించుకున్నాడు. "ఇక్కడ ఎందరో వీరులు నేలకొరిగారు!"

"ఒకణ్ణి మర్చిపోయావు," అని గొణిగాడు పిడుగు. అన్న పడిపోయిన చోటే నిలబడి నెమలి కిలకిలా నవ్వుతోంది. అక్కడే పీక నులిమేద్దామన్నంత కసి పుట్టింది.

చివరిది గడియార స్తంభం. పైనుంచి అందరూ దిగిపోతున్నారు, నెమలీ శాస్త్రవేత్తా వెనకబడ్డారు.

"సార్, ఒక ఫోటో తీస్తారా?" అంది నెమలి తీయగా.

శాస్త్రవేత్త కరిగిపోయి కెమెరా కంటికి ఆనించాడు. వేలు బటన్ మీదికి వెళ్తోంది.

"ఆగండాగండి! ఎండకెదురుగా తీస్తే మొహం నల్లగా వస్తుంది!" పొట్టతో నెట్టుకుంటూ దూరి, పిడుగు కెమెరా లాక్కున్నాడు. కట్టున్న వేలితో నొక్కాడు. టక్!

నెమలి అతను కూలిపోతాడని చూసింది. అతను విగ్గు తీశాడు. అచ్చం అన్న పోలికే.

"ఇప్పుడు నువ్వు నొక్కు."

"వద్దు... వద్దు!"

"నీ కెమెరానే కదా? భయమెందుకు?"

మణికట్టు పట్టుకుని, లెన్స్ ఆమె వైపే తిప్పి, ఆమె బొటనవేలితోనే బటన్ నొక్కించాడు. నెమలి కేక పెట్టింది. క్లిక్!

"విరుగుడు! మీ దగ్గరుంటే ఇప్పించండి, మీ కాళ్ళు పట్టుకుంటా!"

"మా అన్న అడిగితే ఇచ్చావా? ముందు ముఠావాళ్ళ పేర్లు చెప్పు."

మెట్లు దిగుతూ, ఏడుస్తూ, పెద్ద తలకాయతో సహా అందరి పేర్లూ కక్కేసింది. కాలరులోని మైకు మొత్తం చీఫ్‌కు వినిపించింది. కింద కారెక్కించేటప్పుడు పిడుగు బ్యాండేజీలోంచి విరిగిన సూది పీకి చూపించాడు.

"ఇదిగో, నేను నొక్కినప్పుడే తొడుగుకు తగిలి విరిగింది. నీకేం కాలేదు. ప్రాణాలతో కావాలన్నారు మరి."

కెమెరాలోంచి నెమలి కేక పెట్టిన ఫోటో వదినకు పంపాడు. జవాబొచ్చింది.

"చూశాను. కడుపు చల్లబడింది. ఇక తొడుగు తెచ్చెయ్యి, ఇక్కడ నా వేళ్ళు తూట్లు పడుతున్నాయి."