ఫ్రిజ్ ఆపిందెవరు?

పద్నాలుగు నెలల పని మంగళవారం మధ్యాహ్నం మాయమైంది.

అరచేతిలో పట్టే హార్డ్ డిస్క్. అందులో పదకొండు నిమిషాల మైనపు బొమ్మల సినిమా. బొమ్మను వెంట్రుకవాసి కదపాలి, ఒక ఫోటో తీయాలి, మళ్లీ కదపాలి. అలా దాదాపు పదహారు వేల ఫోటోలు. బుధవారం సాయంత్రం ఆరింటికి ఛానల్‌లో విడుదల కావాలి. రెండో కాపీ తీయడం రేపు, ఎల్లుండి అంటూ వాయిదా పడుతూనే ఉంది.

గదికి నంబర్ తాళం. నంబర్ తెలిసినవాళ్లు నలుగురే. సినిమా తీసిన బొమ్మలాయన, పై అంతస్తులో ఉండే ఆయన అక్క, కెమెరామన్, ఎడిటింగ్ అమ్మాయి. బొమ్మలాయన 1.10కి వ్యాన్‌లో బయటికి వెళ్లాడు. 6.00కి తిరిగొచ్చేసరికి బల్ల మీద డిస్క్ లేదు. 1.25కి గేటు ముందు కెమెరామన్ బైక్ చూశానని ఎదురు షాపతను చెప్పాడు.

ఫిర్యాదు తీసుకున్న ఎస్సై మేడమ్‌కి అది చాలింది. బుధవారం ఉదయం 9.40కి కెమెరామన్ ఇంటి ముందు జీపు ఆగింది.

"వరండాలో ట్రైపాడ్ ఉంటే తీసుకుని వెళ్లిపోయా మేడమ్. తలుపు ముట్టుకోలేదు."

"వీడియోలు తీసుకు తిరిగేవాళ్లకి కూడా ఇంత రోషమా? ఎక్కు."

వీధిలో ఎవరో దాన్ని ఫోన్లో తీశారు. 'సినిమా దొంగ దొరికాడు' అని పేరు పెట్టి వదిలారు. మధ్యాహ్నానికి లక్ష మంది చూశారు. అతన్ని పనికి పిలిచిన రెండు ఛానళ్లవాళ్లు ఫోన్ చేసి వద్దులే అన్నారు. తోటివాడి పని ఎత్తుకుపోయాడన్న పేరు పడితే ఆ లోకంలో ఇక ఎవరూ కెమెరా చేతికివ్వరు.

అతని ఇల్లంతా గాలించారు. డిస్క్ దొరకలేదు. అప్పుడు మొదలైంది ఎస్సైకి లోపల పీకులాట. తొందరపడ్డానా?

సాయంత్రం 4.00. అతన్ని వెంటబెట్టుకుని ఆవిడ స్టూడియోకి వచ్చింది. మిగిలిన ముగ్గురినీ పిలిపించింది. బొమ్మలాయన చేతులు ఊరుకోలేక ఒక ముసలమ్మ బొమ్మ మొహం సరిచేస్తున్నాడు.

"ఆ ముక్కు అలా జారిపోయిందేం?" అంది ఎస్సై.

"ఫ్రిజ్ ఆగిపోయి మెత్తబడింది మేడమ్. లైట్ల వేడికి మైనం నిలవదు. అందుకే బొమ్మల్ని ఫ్రిజ్‌లో దాస్తాం. నిన్న వచ్చేసరికి స్విచ్ ఆపేసి ఉంది. కింద అంతా నీళ్లు. డిస్క్ గొడవలో పడి చెప్పలేదు."

"ఆపిందెవరు?"

నలుగురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"మామూలుగా ఎప్పుడు ఆపుతారు?"

జీపెక్కినప్పట్నుంచీ మాట్లాడని కెమెరామన్ నోరు విప్పాడు. "గొంతు రికార్డు చేసేటప్పుడు. దాని మోత మైకులో పడుతుంది."

"మళ్లీ వేయడం మర్చిపోతే?"

"మర్చిపోం. ఆపినవాళ్లు తమ బండి తాళం ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇక్కడ అదే రూలు. తాళం లేకుండా ఇంటికి పోలేరుగా. దానికోసం ఫ్రిజ్ తెరిస్తే స్విచ్ గుర్తొస్తుంది."

ఎస్సై రాసుకుంటున్న పెన్ను ఆగింది.

"నీకేం బండి?"

"బైక్."

"నీకు?"

"స్కూటర్," అంది ఎడిటింగ్ అమ్మాయి.

బొమ్మలాయనకు వ్యాన్ ఉందని ముందే తెలుసు. అక్కను అడగలేదు.

"దొంగతనానికి వచ్చినవాళ్లకి ఫ్రిజ్ మోతతో పనేంటి?" అంది ఎస్సై నెమ్మదిగా. "నిన్న వచ్చినవాళ్లు ముందు గొంతు రికార్డు చేశారు. తర్వాతే డిస్క్ తీశారు. ఫ్రిజ్ వేయడం మర్చిపోయారు. ఎందుకు? లోపల పెట్టడానికి వాళ్ల దగ్గర బండి తాళం లేదు. మెట్లు దిగి వచ్చే మనిషికి బండెందుకు?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పదేళ్లుగా వీడి ప్రతి బొమ్మకీ నేనే మాట్లాడా," అంది. "పోయినేడు నాకు జబ్బు చేశాక ఈ ముసలమ్మకి ఈ ఎడిటింగ్ అమ్మాయి గొంతు పెట్టాడు. నాకు మాటమాత్రం చెప్పలేదు. నిన్న పొద్దున ఎడిట్ చేస్తుంటే మెట్ల మీద ఉండగా వినపడింది. అందరూ వెళ్లాక వచ్చి, మాటలన్నీ నేనే మళ్లీ చెప్పా. పెట్టుకుని విన్నా. నా గొంతు వణుకుతోంది. వీడు చేసిందే సరి. అది తెలిసినా, నా గొంతు లేకుండా సినిమా బయటికి పోతుంటే ఓర్చుకోలేక డిస్క్ పట్టుకెళ్లా. బీరువాలో చీరల కింద ఉంది."

"ఇతన్ని తీసుకెళ్లిన వీడియో చూశారా?"

"నాలుగుసార్లు చూశానమ్మా. నోరు పెగల్లేదు." ఆవిడ కెమెరామన్ వైపు తలెత్తలేకపోయింది.

బొమ్మలాయన బొమ్మను బల్ల మీద పెట్టేశాడు. "తప్పు నాదక్కా. నీ మొహం చూసి చెప్పే ధైర్యం లేకపోయింది."

కేసు తేలింది. ఎస్సైకి మాత్రం తల కొట్టేసినట్టుంది. అక్క నోరు విప్పకపోవడం సరే. ఈ నాలుగు ప్రశ్నలూ నిన్నే అడగడానికి తనకేం అడ్డమొచ్చింది? వీడియోలు తీసేవాళ్లంటే చులకన. అంతే.

"మీకు నేనేం చేస్తే తీరుతుంది?" అంది కెమెరామన్‌తో. ఉదయం నుంచి అతన్ని మీరు అనడం అదే మొదటిసారి.

"అందరి ముందూ ఎక్కించారు. అందరి ముందూ చెప్పండి."

అతను కెమెరా బిగించాడు. ఆవిడను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. వెలుగు మొహం మీద సరిగా పడేదాకా కర్టెన్ మూడుసార్లు జరిపాడు. తనను దొంగ అన్న మనిషి కదా అని ఎక్కడా ఒక్క పిసరు తగ్గించలేదు.

"కొన్ని కారణాల వల్ల పొరపాటు జరిగింది..." అని మొదలుపెట్టింది ఎస్సై.

అతను ఆపేశాడు. "ఎవరి పొరపాటు మేడమ్? మళ్లీ చెప్పండి."

ఆవిడ నుదురు తుడుచుకుంది. "దీన్ని కూడా లక్ష మంది చూస్తారా?"

"లేదు మేడమ్. దొంగ అంటే చూస్తారు. దొంగ కాదు అంటే ఎవరు చూస్తారు? ఓ రెండొందల మంది చూస్తే గొప్ప."

ఆవిడ కుర్చీలో సర్దుకుని కూర్చుంది.

"ఆ రెండొందల్లో మా పాప ఉంటుంది," అన్నాడతను, లెన్స్ వెనక నుంచి తలెత్తకుండా. "కానివ్వండి."

ఈసారి ఆవిడ 'నేను' అన్న మాటతో మొదలుపెట్టింది.